బొగ్గుబాయి రాతిలో ఆకు: పేరు దాకా ఎలా వెళ్లాలి

సింగరేణి ఊళ్లలో పాత కార్మికుల ఇళ్లకు వెళ్తే ఒక్కోసారి షోకేసులో, దేవుడి పటాల పక్కన, బూడిద రంగు రాతి పలక ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఆకు ముద్ర. అడిగితే "బాయిల దొరికింది మేడం, మామిడాకు" అంటారు. అది మామిడాకు కాదు. మామిడి, వేప, మర్రి లాంటి పూలమొక్కలేవీ భూమ్మీదకు రాకముందే ఆ ఆకు రాలింది. కాదని చెప్పడం తేలికే. మరి ఏ ఆకు అని అడిగితే జవాబు చెప్పడానికి ఒక పద్ధతి కావాలి.

నేను డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యాను. ఉండేది మంచిర్యాలలో. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు గనుల్లో చేరారు. వాళ్లు చూపించే ఆకు రాళ్లతో నాకీ పని అలవాటైంది. గోదావరి లోయ బొగ్గు పొరల్లో ఎక్కువగా దొరికే గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్కనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇందులో అందరూ తప్పటడుగు వేసేది ఒక్కచోటే: ఆకారం చూసి పేరు పెట్టేస్తారు. ఆకారం ఆఖరికి చూడాల్సింది. ముందు ఈనెలు చూడాలి.

అసలది ఆకేనా?

తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన ఇళ్లలో నల్లటి ఫెర్న్ కొమ్మల్లాంటి డిజైన్లు చూసే ఉంటారు. వాటి ఫొటోలు పంపి "ఇది శిలాజమా" అని అడిగేవాళ్లు చాలామంది. కాదు. రాతి పగుళ్లలోకి నీళ్లతో పాటు పాకిన మాంగనీసు ఆక్సైడు అలా కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది. డెండ్రైట్ అంటారు. దానికి అంచు ఉండదు, నడిమి ఈనె ఉండదు. ఒక పగులు గీత నుంచి మొదలై ఎటు పడితే అటు చీలుతూ పోతుంది. పైగా ఆ సున్నపురాళ్లు ఏర్పడిన నాటికి నేల మీద మొక్కలే లేవు. కాబట్టి ఇంట్లో గచ్చు మీద శిలాజపు ఆకు వెతకడం మానేయండి.

ఆకు కానిది ఇంకోటి బొగ్గు పొరల దగ్గరే దొరుకుతుంది. పొడవాటి పట్టీ, మధ్యలో నిలువు గీత, దానికి అడ్డంగా గీతలు, చూడగానే వెన్నెముక గుర్తొస్తుంది. దాని పేరు వెర్టిబ్రేరియా. అది గ్లాసోప్టెరిస్ చెట్టు వేరు. దొరికితే పారేయకండి. దగ్గర్లో ఆకులు కూడా దొరికే అవకాశం ఎక్కువ.

రాయి ఏ కాలానిది?

పేరు సగం ఇక్కడే తేలిపోతుంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టినప్పటి నుంచి గోదావరి లోయ పొరల మీద పని జరుగుతూనే ఉంది. అడుగు నుంచి పైకి వరస ఇలా ఉంటుంది: తాల్చేర్, దాని మీద బరాకర్, తర్వాత బొగ్గు లేని బారెన్ మెజర్స్, ఆ పైన కామ్తీ. మనం తవ్వే బొగ్గులో ఎక్కువ భాగం బరాకర్‌లో ఉంది. కింది కామ్తీలోనూ కొంత ఉంది. ఇదంతా పెర్మియన్ యుగం, అంటే సుమారు 29.9 కోట్ల నుంచి 25.2 కోట్ల ఏళ్ల కిందటి కాలం. గ్లాసోప్టెరిస్ రాజ్యమేలింది అప్పుడే. పెర్మియన్ చివర జరిగిన మహా వినాశంతో దాని రోజులు ముగిశాయి.

ఇంకా పైకి వెళ్తే కోటా పొరలు వస్తాయి. అవి జురాసిక్‌వి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ డైనోసార్ ఎముకలు వచ్చింది ఆ పొరల నుంచే. అక్కడ దొరికిన ఆకును గ్లాసోప్టెరిస్ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం షేల్ (పొరలుగా చీలే మట్టిరాయి) ఇంకా తర్వాతిది, క్రెటేషియస్ కాలానిది. అక్కడ నడిమి కాడకు రెండు వైపులా చిన్న చిన్న పత్రకాలు వరసగా ఉండే టైలోఫిల్లం దొరుకుతుంది. కోస్తా వాళ్లు ముందు దాని గురించి చదువుకోవాలి.

మీ రాయి ఏ పొరదో తెలుసుకోవడానికి జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో మ్యాపు ఉంది. ఊరు పేరు కొట్టి చూడొచ్చు. కానీ మ్యాపు చెప్పేది నేల పైన కనిపించే పొర గురించే. ఓపెన్ కాస్ట్ ఓబీ కుప్ప (బొగ్గు మీది మట్టీ రాయీ తవ్విపోసిన గుట్ట) మీద దొరికిన రాయి ఎంత లోతు నుంచి వచ్చిందో మ్యాపుకేం తెలుసు? గని పేరు మాత్రం రాసుకోగలం, పొర పేరు రాయలేం. అందుకే కుప్ప మీది అందమైన ఆకు కన్నా, ఫలానా సీమ్ రూఫ్ (బొగ్గు పొర పైకప్పు) అని తెలిసి వచ్చిన విరిగిన ముక్కకే నేను ఎక్కువ విలువిస్తాను. బొగ్గు సీమ్‌కు ఆనుకుని పైనుండే షేల్‌లోనే ఆకులు బాగా నిలుస్తాయి.

ఒక హెచ్చరిక. అనుమతి లేకుండా గని ఆవరణలోకి వెళ్లొద్దు. ఓబీ కుప్పలు ఉన్నట్టుండి జారతాయి. బొగ్గు కలిసిన చోట లోపల్లోపలే కాలుతుంటాయి కూడా. వాగు కోసిన గట్లు, రోడ్డు కోసం తవ్విన కోతలు చాలు.

తీసుకోవడం, ఇంటికి చేర్చడం

దీని గురించి ఎక్కువ చెప్పను. కళ్లద్దాలు పెట్టుకోండి, పలకను పొరల వెంట ఉలితో చీల్చండి, అడ్డంగా కొట్టొద్దు. చీలితే రెండు ముక్కలు వస్తాయి, ఒకదాని మీద ఆకు, రెండోదాని మీద దాని ముద్ర. రెండూ ఒకే నంబరుతో దాచండి. ఒకదాని మీద కనిపించని కొన రెండోదాని మీద కనిపించొచ్చు. న్యూస్‌పేపర్లో చుట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే షేల్ పొరలుగా విచ్చిపోతుంది. కుళాయి కింద కడగొద్దు. మెరుపు కోసం వార్నిష్ అసలే పూయొద్దు. నల్లటి పొర రేకులుగా లేస్తుంటే ఆ రేకుల్ని చిన్న డబ్బాలో వేసి అదే నంబరు రాయండి. అది ఆకు తాలూకు బొగ్గే. దాని విలువ తర్వాత చెప్తాను.

వెలుతురు, పెన్సిలు

మిట్టమధ్యాహ్నం వెలుగులో ఏ ఆకు రాయీ ఏమీ చెప్పదు. గది చీకటి చేసి, టార్చిని దాదాపు రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ఈనెల నీడలు లేస్తాయి. టార్చిని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఒక దిక్కు నుంచి నడిమి ఈనె బాగా కనిపిస్తే, ఇంకో దిక్కు నుంచి పక్క ఈనెలు కనిపిస్తాయి. వెలుగు దిక్కు మారితే ఈనె ఒకసారి గట్టులా, ఒకసారి గాడిలా భ్రమ కలిగిస్తుంది. అందుకని ఫొటోలన్నీ ఎడమ పై మూల నుంచి వెలుగు పడేట్టు తీయడం ఆనవాయితీ. పక్కన స్కేలు తప్పకుండా పెట్టండి. రూపాయి బిళ్ల పెట్టకండి. రూపాయి సైజు మారుతూ వచ్చింది.

ఫొటో తీసి ఊరుకోవద్దు, గీయండి. నా విద్యార్థులు ఇక్కడే మొహం మాడ్చుకునేవారు, బాటనీ రికార్డు బాధ మళ్లీ మొదలైందని. కానీ గీసేటప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. ఫొటోను పెద్దది చేసి ప్రింటు తీయండి, మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ఒక చదరపు సెంటీమీటరు మేర ప్రతి ఈనెనూ పెన్సిలుతో గీయండి. ఇలాంటి గడులు మూడు: ఒకటి నడిమి ఈనె పక్కన, ఒకటి అంచు దగ్గర, ఒకటి ఆ రెంటికీ మధ్యన. కనిపించని చోట ఊహించి కలపొద్దు, చుక్కలు పెట్టి వదిలేయండి. లెన్సు పది రెట్లది చాలు.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: నడిమి ఈనె ఉందా? రెండోది: పక్క ఈనెలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా, విడివిడిగానే అంచు చేరుతున్నాయా? ఈ రెండింటి జవాబులతోనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు (జీనస్), దాదాపు తేలుతుంది.

నడిమి ఈనె ఉంది, పక్క ఈనెలు కలిసి వల అల్లాయి: గ్లాసోప్టెరిస్. నడిమి ఈనె లేదు, వల మాత్రం ఉంది: గంగమోప్టెరిస్. ఇది పెర్మియన్ తొలి భాగంలో, అంటే అడుగు పొరల్లో ఎక్కువ. నడిమి ఈనె గట్టిగా ఉంది, కానీ పక్క ఈనెలు దాదాపు అడ్డంగా, ఎక్కడా కలవకుండా అంచుకు పోతున్నాయి: రాబ్డోటీనియా. నడిమి ఈనె ఆకు సగం దాకా వచ్చి ఆ పైన ఈనెలుగా విడిపోయింది, వల లేదు: పేలియోవిట్టేరియా. నడిమి ఈనె లేదు, వలా లేదు, మొదలు నుంచి కొన దాకా ఈనెలు చీలుతూ దాదాపు సమాంతరంగా పోయాయి: నోగెరాతియాప్సిస్. దీన్ని ఇప్పుడు కార్డాయిటిస్‌లో చేర్చేవాళ్లూ ఉన్నారు.

చదవడానికి ఇది సులువుగానే ఉంటుంది. రాయి చేతిలోకి వచ్చాక తంటా మొదలవుతుంది, ఎందుకంటే నిండు ఆకు దొరకడం అరుదు. నడిమి ఈనె ఉన్న సగం విరిగిపోయి, అంచు ఉన్న సగమే మిగిలిన గ్లాసోప్టెరిస్ ముక్కను గంగమోప్టెరిస్ అనుకోవడం తరచూ జరిగేదే. తేడా పట్టుకునే మార్గం ఉంది. గంగమోప్టెరిస్ నడిభాగంలో ఈనెలు నిలువుగా, ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా వెళ్లి, తర్వాత రెండు వైపులకూ వంగుతాయి. గ్లాసోప్టెరిస్ సగం ముక్కలో ఈనెలన్నీ ఒకే వైపుకు వంగి ఉంటాయి, నిలువుగా నడిచే భాగం కనిపించదు. రెండు అంచులూ కనిపించని ముక్క మీద "నడిమి ఈనె లేదు" అని మాత్రం రాయకండి. "భద్రపడలేదు" అని రాయండి.

మూడో ప్రశ్న మామిడాకు వాదన కోసం. ఈనెల్లో తరతమాలు ఉన్నాయా? మామిడాకును వెలుగుకు పట్టి చూడండి. నడిమి ఈనె నుంచి లావుపాటి పక్క ఈనెలు జతలు జతలుగా లెక్కపెట్టేట్టు వస్తాయి. వాటి మధ్య సన్నవి, ఆ సన్నవాటి మధ్య ఇంకా సన్నవి. కొన్ని ఆ గడుల లోపలే ఆగిపోతాయి. గ్లాసోప్టెరిస్‌లో ఈ అంతస్తులు లేవు. నడిమి ఈనె మినహా మిగతావన్నీ ఒకే మందం, చీలడం, కలవడం, మళ్లీ చీలడం, అలా అంచు దాకా. ఏ ఈనే కన్ను (వల గడి) మధ్యలో ఆగిపోదు. ఈ ఒక్క పరీక్షతో ఆవృతబీజం (పూలమొక్క) కాదని తేల్చేయొచ్చు.

నాలుగోది: పక్కన ఇంకేం ఉంది? ఒకే పలక మీద ఒకదాని మీద ఒకటిగా ఆకులు పేరుకుని ఉంటే, అది రాలు కాలంలో రాలిన పొర అయ్యుండొచ్చు. గ్లాసోప్టెరిస్ ఏటా ఆకు రాల్చేదని ఈ పొరలను, దాని కలపలోని స్పష్టమైన వలయాలను బట్టి చెప్తారు. పక్కనే కణుపుల కాండం, కణుపు దగ్గర ఆకులు ఉంటే స్కైజోన్యూరా లాంటివి. వాటినీ నోటు చేసుకోండి. పొర వయసు తేల్చడానికి ఇవే సాక్ష్యం.

ప్రజాతి తేలింది, జాతి (స్పీషీస్) సంగతి?

అడాల్ఫ్ బ్రాంగ్నియార్ట్ 1828లో గ్లాసోప్టెరిస్ అని పేరు పెట్టినప్పుడు దాన్ని ఫెర్న్ అనుకున్నాడు. 1952లో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ దక్షిణాఫ్రికాలోని వెరీనిగింగ్ దగ్గర ఆకులకు అంటి ఉన్న ఫలాంగాలను (విత్తనాలు మోసే భాగాలను) వర్ణించాక అది విత్తనాల మొక్క అన్న సంగతి స్థిరపడుతూ వచ్చింది. మధ్యలో అందరూ ఆకులకు పేర్లు పెడుతూనే పోయారు. మన దేశంలో ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ 1870ల నుంచి పెట్టిన పేర్లే చాలా ఉన్నాయి. శైలా చంద్ర, కె.ఆర్. సురంగే 1979లో భారతీయ జాతులన్నిటినీ మళ్లీ పరిశీలించి సర్దారు. ఆ పని చూస్తే తెలుస్తుంది, ఒక్క ప్రజాతిలో ఎన్ని పదుల జాతులో!

అన్నీ నిజంగా వేరు వేరు చెట్లా? నా అభిప్రాయం కాదనే. ఒకే వేపచెట్టుకు లేత చిగురు ఆకూ ముదురు ఆకూ ఒకేలా ఉంటాయా? ఆకు పేరు ఆకుకే, చెట్టుకు కాదు. వేరుకు వెర్టిబ్రేరియా అని, ఫలాంగాలకు స్క్యూటమ్, ఒట్టోకేరియా అని విడివిడిగా పేర్లున్నది అందుకే. ఒక్క ఆకు పట్టుకుని కొత్త జాతి ప్రకటించేవాళ్లంటే నాకు నమ్మకం లేదు. అదే పలక మీది ఆకులన్నీ కొలిచి, తేడా ఎంత దూరం పోతుందో చూశాక మాట్లాడాలి.

జాతి కోసం కొలవాల్సినవి ఇవి. ఆకు పొడవు, వెడల్పు, వెడల్పు ఎక్కడ ఎక్కువ. కొన మొనదేలిందా, గుండ్రమా. మొదలు ఎలా సన్నబడింది, తొడిమ ఉందా. నడిమి ఈనె కొన దాకా పోయిందా. పక్క ఈనెలు నడిమి ఈనెను వదిలే కోణం, అంచును తాకే కోణం (జామెట్రీ బాక్సులోని ప్రొట్రాక్టర్ చాలు). వల కన్నుల పొడవు, వెడల్పు, నడిమి ఈనె దగ్గర, అంచు దగ్గర వేర్వేరుగా. చివరిగా సాంద్రత: ఈనెలకు అడ్డంగా 5 మిల్లీమీటర్ల గీత పెట్టి ఎన్ని ఈనెలు దాన్ని దాటాయో లెక్కించడం.

ఒక రాయి తీసుకుని చూపిస్తాను. రామగుండం వైపు ఓవర్‌మన్‌గా (గని సూపర్‌వైజర్‌గా) ఉన్న నా పాత విద్యార్థి అనుమతి తీసుకుని తెచ్చినది, సీమ్ రూఫ్ షేల్. "మేడం, ఇది గూడ మామిడాకేనా?" అని నవ్వుతూ చేతికిచ్చాడు. మిగిలిన పొడవు 9.4 సెంటీమీటర్లు, వెడల్పు 2.8. కొన ఉంది, మొనదేలి ఉంది. మొదలు విరిగింది. నడిమి ఈనె కింద 2 మిల్లీమీటర్లు, కొన దగ్గర సన్నబడి కూడా ఆగిపోలేదు. పక్క ఈనెలు సుమారు 45 డిగ్రీలతో బయల్దేరి, వంగి, అంచు దగ్గరికి ఇంకా అడ్డం తిరిగాయి. నడిమి ఈనె పక్కన కన్నులు పొట్టి, వెడల్పు. అంచు దగ్గర సన్నగా సాగినవి. 5 మిల్లీమీటర్లలో లోపల 6 ఈనెలు, అంచున 13.

ఇప్పుడు పోలికున్న జాతుల్ని ఒక్కొక్కటీ తీసేద్దాం. గ్లాసోప్టెరిస్ కమ్యూనిస్‌లో కన్నులు సాధారణంగా మొదటి నుంచీ సన్నగా, ఒత్తుగా ఉంటాయి, మన రాతిలో లోపలివి వెడల్పు, కాబట్టి అది కాదు. బ్రౌనియానాలో లోపలి కన్నులు వెడల్పే, కానీ ఆకు పై భాగంలో వెడల్పై కొన గుండ్రంగా ఉంటుంది, ఇది మొనదేలింది. అంగుస్టిఫోలియా మరీ సన్నని పట్టీ. లోపల పొట్టి వెడల్పు కన్నులు, బయటికి సాగిన కన్నులు, మొనదేలిన కోల ఆకు, వీటన్నిటికీ ఇండికా దగ్గరగా ఉంది. అలాగని ఇండికా అని రాసేయొచ్చా? మొదలు లేదు, తొడిమ సంగతి తెలీదు, అవభాసిని (ఆకు పైపొర) చూడలేదు. అందుకే చీటీ మీద "గ్లాసోప్టెరిస్ సి.ఎఫ్. ఇండికా" అని రాశాను. సి.ఎఫ్. అంటే దీనితో పోల్చదగ్గది, ఇదేనని కాదు. కొన కూడా లేకపోయి ఉంటే "గ్లాసోప్టెరిస్ ఎస్.పి." (జాతి తేలలేదని) దగ్గరే ఆగేదాన్ని. వల కూడా కనిపించకపోతే "ఆకు ముక్క" అంతే. తర్వాతి తరాల వాళ్లకు పనికొచ్చేది ఆ "ఆకు ముక్క" అన్న నిజమే, ఊహించి రాసిన జాతి పేరు వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

పోల్చడానికి గూగుల్ బొమ్మలు వద్దు. అమ్మకం సైట్లలో పేర్లు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. లక్నోలో బీర్బల్ సహానీ 1946లో స్థాపించిన పురావృక్ష శాస్త్ర సంస్థ పత్రిక పాత సంచికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జాతి మొదటి వర్ణన, దాని బొమ్మ వెతికి, మీ ట్రేసింగ్‌ను పక్కన పెట్టి చూడండి. ఇంకో దేశపు బొమ్మ కనిపించినా కంగారు పడొద్దు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్లున్నాయి. వాటిలోని ఆకులను ఆల్బర్ట్ సీవార్డ్ 1914లో గ్లాసోప్టెరిస్ అనే తేల్చాడు. భూఖండాలు కలిసి ఉన్న రోజుల చెట్టు కదా, అంటార్కిటికాలో, ఆస్ట్రేలియాలో, మన రామగుండంలో ఒకే వల.

డబ్బాలో దాచమన్న నల్ల రేకుల సంగతి. వాటిని రసాయనాల్లో నానబెడితే బొగ్గు కరిగి ఆకు పైపొర అయిన అవభాసిని మిగులుతుంది. మైక్రోస్కోపు కింద పత్రరంధ్రాలు, కణాల గోడలు కనిపిస్తాయి. ఆకారం, ఈనెలు తేల్చని తగువులను అవి తేలుస్తాయి. కానీ వాడేది గాఢ నత్రికామ్లం, పొటాషియం క్లోరేట్. ఇంట్లో గానీ కాలేజీ ల్యాబ్‌లో సొంత ప్రయోగంగా గానీ ముట్టుకోకండి. ఆ పని చేసేవాళ్లు లక్నో సంస్థలో ఉన్నారు.

ఇక ఆకు నడిమి ఈనెకో, తొడిమకో అంటుకుని కవచం లాంటి చిన్న బిళ్ల, దాని మీద పొక్కుల్లాంటి గుర్తులు కనిపిస్తే బ్రష్ కూడా పెట్టకండి. అది ఫలాంగం కావచ్చు. ఆకుతో కలిసి దొరికిన ఫలాంగం చాలా అరుదు. రెండు పలకలూ అలాగే పెట్టి, పక్క వెలుగులో ఫొటోలు తీసి, గని పేరు, సీమ్, తేదీ రాసి, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకో, ఉస్మానియా జియాలజీ విభాగానికో ముందు ఫొటోలు చూపించండి. రాయిని బస్సులో ఒళ్లో పెట్టుకుని బయల్దేరడం తర్వాతి మాట.